ఏ-37 డ్రాగన్‌ఫ్లై సర్వీసు చరిత్ర రాబట్టడం ఎలా: తోక మీది అంకె నుంచి 1975 ఏప్రిల్ దాకా

మ్యూజియం ఆవరణలో నిలబెట్టిన చిన్న జెట్టు. ముక్కులో మినీగన్ (చాలా వేగంగా కాల్చే తుపాకీ) కన్నం, రెక్కల చివర బుంగల్లాంటి ఇంధన ట్యాంకులు, పక్కపక్కనే రెండు సీట్లు. పక్కన బోర్డు మీద ‘ఏ-37 డ్రాగన్‌ఫ్లై, వియత్నాం యుద్ధంలో పాల్గొంది’ అని ఒక్క వాక్యం. ఇది ఏ స్క్వాడ్రన్‌ది, ఎక్కడెక్కడ ఎగిరింది, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లింది అన్నది ఆ బోర్డు చెప్పదు. చెప్పినా సగం సార్లు తప్పే. ఆ వివరాలు వరసగా రాబట్టే పద్ధతి ఇది. వ్యాసం కోసమైనా, స్కేల్ మోడల్‌కు సరైన రంగులు వేయడానికైనా, వికీపీడియా తెలుగు పేజీ దిద్దడానికైనా ఇదే దారి.

ముందు ఒక పట్టిక గీసుకోండి. ఐదు నిలువు వరుసలు చాలు: తేదీ, చోటు, యూనిట్, ఆధారం, ఆ ఆధారం ఎంత గట్టిది. ఐదోదాన్నే చాలామంది వదిలేస్తారు, చివర్లో తిప్పలు పడేది అక్కడే. దానికి మూడు గుర్తులు పెట్టుకోండి. నాటి అధికారిక పత్రానికి ‘క’, తేదీ ఉన్న ఫొటోకు ‘ఖ’, తర్వాత ఎవరో రాసినదానికి ‘గ’. ‘గ’ గుర్తు ఉన్న రెండు ఎంట్రీలు ఒకేమాట చెప్పినా అది ‘క’ అయిపోదు. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కావచ్చు.

ముందు ఏ రకమో తేల్చండి

ఈ విమానం పుట్టుక శిక్షణ విమానంలో ఉంది. సెస్నా కంపెనీ టి-37 తొలిసారి ఎగిరింది 1954 అక్టోబరులో. దాని చిన్న ఇంజన్ల కీచుకూతను బట్టి ‘ట్వీట్’ అన్నారు, ఆ లెక్కన ఏ-37కు ‘సూపర్ ట్వీట్’ అనే పేరొచ్చింది. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వైపు కిరణ్ విమానాలను చూసినవాళ్లకు ఈ పక్కపక్క సీట్ల అమరిక కొత్త కాదు. గురువు, శిష్యుడు భుజం భుజం కలిపి కూర్చునే కాక్‌పిట్ అది. దాడి విమానంగా మారాక కూడా ఆ వెడల్పు ముక్కు అలాగే ఉండిపోయింది.

నేల మీది దళాలకు తోడుగా వాడొచ్చేమో చూద్దామని రెండు టి-37లకు పెద్ద ఇంజన్లు బిగించి వైఏటి-37డి చేశారు. అది 1963 అక్టోబరులో ఎగిరింది. వియత్నాం వేడెక్కాక 39 టి-37బిలను మార్చి ఏ-37ఏ చేశారు. ఆ తర్వాత కొత్తగా కట్టినది ఏ-37బి, మొత్తం 577. అందులో కొన్నిటిని ముందుండి లక్ష్యాలు చూపించే పనికి సర్ది ఓఏ-37బి అన్నారు.

ఫొటోలో వీటిని వేరు చేయాలంటే మొదట ముక్కు చూడండి. గాల్లో ఇంధనం నింపుకునే గొట్టం ముందుకు పొడుచుకొని ఉంటే అది బి రకం, లేదా దాన్నుంచి వచ్చిన ఓఏ. అమెరికా వైమానిక దళం మామూలుగా ట్యాంకర్ (ఇంధనం మోసే విమానం) కిందికి దించే కడ్డీ పద్ధతి వాడుతుంది. ఈ విమానానికి మాత్రం నేవీలాగా గొట్టం, గంప పద్ధతి పెట్టారు. ఇంధన పైపు లోపలికి వెళ్లే చోటు లేక కానపీ (కాక్‌పిట్ మీది అద్దపు కప్పు) అంచు వెంబడి బయటి నుంచే తిప్పారు, అది దగ్గరి ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టం లేనంత మాత్రాన అది ఏ-37ఏ అని రాసేయకండి. తర్వాత వాడిన కొన్ని దేశాలు, ప్రదర్శన బృందాలు దాన్ని ఊడదీశాయి.

ఓఏ-37బిని బయటి రూపంతో పట్టుకోవడం కష్టం. ఆ మార్పు ఎక్కువగా పనిలోనూ రేడియోల్లోనూ ఉంది. అందుకని ‘ఓఏ’ అన్న అక్షరాలు పత్రంలో కనిపిస్తేనే రాయండి, ఫొటో చూసి రాయకండి.

ఇంజన్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకుంటే మంచిది. టి-37బి ఇంజన్ ఒక్కొక్కటి 1,025 పౌండ్ల త్రస్ట్ (తోపుడు బలం) ఇస్తే, ఏ-37బి లోని జె85-జీఈ-17ఏ ఒక్కొక్కటి 2,850 పౌండ్లు ఇస్తుంది. గరిష్ఠ టేకాఫ్ బరువు 14,000 పౌండ్లు, అంటే దాదాపు 6,350 కిలోలు. చాలా రాతల్లో ఏ-37ఏ గురించి మాట్లాడుతూ బి అంకెలు అతికిస్తారు. 1967 నాటి కథ చెబుతూ 2,850 అని కనిపిస్తే ఆ రచయిత మిగతా అంకెల్ని కూడా ఒకసారి అనుమానించండి.

తోక సంఖ్య చదవడం

అమెరికా సీరియల్ సంఖ్య రెండు భాగాలు. 69-6334 అంటే 1969 ఆర్థిక సంవత్సరం డబ్బుతో ఆర్డరిచ్చిన విమానాల్లో 6334వ నంబరు. అది తయారైన సంవత్సరం కాదు, దళంలో చేరిన సంవత్సరం అసలే కాదు. విమానం ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేసరికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ గడుస్తుంది. ‘1967లో తయారైన’ అని రాసే బదులు ‘1967 ఆర్థిక సంవత్సరం ఆర్డరు’ అని రాస్తే తప్పు పట్టేవాళ్లుండరు.

తోక మీద ఈ సంఖ్యను పూర్తిగా రాయరు. పాత పద్ధతిలో సంవత్సరంలోని మొదటి అంకె, మధ్య గీత తీసేస్తారు. 69-6334 తోక మీద 96334 అవుతుంది, 68-7911 అయితే 87911. దాన్ని చూసి ‘96-334’ అని విడదీసేవాళ్లున్నారు. 1996లో ఏ-37 ఎవరూ కట్టలేదని గుర్తుంటే ఆ తప్పు పడదు. తర్వాతి పద్ధతిలో సంవత్సరం చిన్నగా, చివరి మూడంకెలు పెద్దగా, పక్కన స్క్వాడ్రన్‌ను తెలిపే రెండక్షరాల కోడు రాస్తారు. అప్పుడు మధ్యలోని అంకె కనిపించదు, మీరే పూరించాలి.

పూరించడానికి వరసలు తెలిసుండాలి. ఏ-37ఏలు 39కి 39 ఒకే వరస: 67-14503 నుంచి 67-14541 వరకు. బి రకంలో 68-7911 నుంచి 7980 వరకు ఒక గుంపు, 68-10777 నుంచి 10827 వరకు ఇంకొకటి, 69-6334 నుంచి 6446 వరకు మరొకటి. ఇవి కాక ఇంకా గుంపులున్నాయి. 68 అని సంవత్సరం, 945 అని చివరి అంకెలు కనిపిస్తే అది 68-7945 అవ్వాలి, 10945 ఏ-37 వరసలో లేదు. మీ అంకె ఏ వరసలోనూ పడకపోతే మూడు కారణాల్లో ఒకటి: మీరు ఫొటోలో 3ను 8గా చదివారు, మ్యూజియం వేరే విమానం నంబరు వేయించింది, లేదా అది అసలు టి-37.

మూడో కారణం అరుదు కాదు. శిక్షణ విమానానికి ముదురు రంగులు పూసి రెక్కల కింద బాంబుల బొమ్మలు తగిలించి ఏ-37గా చూపిస్తారు. రెక్క చివరి ట్యాంకులు, ముక్కులోని తుపాకీ కన్నం, రెక్కల కింద ఎనిమిది పైలాన్లు (బాంబులు తగిలించే కొక్కేలు) ఉన్నాయా చూడండి. మూడింటిలో ఒక్కటే ఉంటే జాగ్రత్త.

తోక సంఖ్య కన్నా గట్టిది ఫ్యాక్టరీ నంబరు. లోహపు పలక మీద చెక్కి ఉంటుంది. బి రకానికి అది 43తో మొదలయ్యే ఐదంకెల సంఖ్య. రంగు మారుతుంది, దేశం మారుతుంది, తోక సంఖ్య మారుతుంది, పలక మాత్రం మామూలుగా అలాగే ఉంటుంది. మ్యూజియంకు రాసి పలక ఫొటో పంపమని అడగండి. అయితే రెండు విమానాలు కలిపి ఒకటి చేసిన సందర్భాల్లో ముందు భాగం ఒకదానిది, తోక ఇంకొకదానిది. అప్పుడు చరిత్ర రెండుగా రాయాలి, పలక ఉన్న భాగాన్ని అసలుదిగా పెట్టుకోవాలి.

కార్డు, స్క్వాడ్రన్ డైరీ

అమెరికా వైమానిక దళం ప్రతి విమానానికీ ఒక రికార్డు కార్డు పెట్టింది. ఎప్పుడు చేరింది, ఏ స్థావరానికి వెళ్లింది, ఏ యూనిట్‌కు మారింది, ఎప్పుడు లెక్కలోంచి పోయింది అన్నది కోడ్లలో ఉంటుంది. ఇవి అలబామా రాష్ట్రం మాక్స్‌వెల్ స్థావరంలోని వైమానిక దళ చరిత్ర పరిశోధన సంస్థ దగ్గర మైక్రోఫిల్మ్‌గా ఉన్నాయి. అడిగేటప్పుడు పూర్తి సీరియల్ సంఖ్య, విమానం రకం రెండూ రాయండి. అంకె ఒక్కటే రాస్తే వేరే రకం విమానం కార్డు చేతికి రావచ్చు.

కార్డులో రోజూ జరిగినది ఉండదు. దానికి స్క్వాడ్రన్ చరిత్ర నివేదికలు చూడాలి, అవి మూడు నెలలకొకటి. ఇక్కడ పేర్ల మార్పు ముంచుతుంది. 604వ ఎయిర్ కమాండో స్క్వాడ్రన్ 1968 ఆగస్టు 1న 604వ స్పెషల్ ఆపరేషన్స్ స్క్వాడ్రన్ అయింది. మనుషులు అదే, విమానాలు అదే, బియెన్ హోవా స్థావరం అదే. వెతికేవాళ్లు ఒక్క పేరుతో వెతికి ‘1968 తర్వాత రికార్డులు లేవు’ అని తేల్చేస్తారు. అటకమీది పెట్టెలో ఉన్న వస్తువు కోసం బీరువా అంతా వెతికినట్టు. రెండు పేర్లతోనూ అడగండి. తోక మీద సీకే అనే కోడు కనిపిస్తే అది ఈ స్క్వాడ్రనే.

ఈ స్క్వాడ్రన్‌తోనే అసలు కథ మొదలైంది. 1967 ఆగస్టులో 25 ఏ-37ఏలను ‘కాంబాట్ డ్రాగన్’ అనే పరీక్ష కింద బియెన్ హోవాకు పంపారు. విమానం పనికొస్తుందా లేదా అన్నది యుద్ధంలోనే తేల్చాలన్నది ఉద్దేశం. కాబట్టి ఆ ఏడాది చివరి నెలల రికార్డులు మామూలు స్క్వాడ్రన్ డైరీల కన్నా చాలా వివరంగా ఉంటాయి. ఏ ఆయుధం ఎంత కచ్చితంగా పడింది, మళ్లీ ఎగరడానికి ఎంతసేపు పట్టింది, నేల సిబ్బందికి ఏది ఇబ్బందైంది అన్నీ రాశారు. విమానం నేలకు ఎంత తక్కువ ఎత్తులో ఉంటుందంటే నిచ్చెన లేకుండా ఎక్కొచ్చు, బాంబులు తగిలించడం తేలిక. అదే ఎత్తు వల్ల రన్‌వే మీది చెత్త ఇంజన్లోకి పోతుంది. అందుకే చక్రాలు దించి ఉన్నంతసేపు గాలి దారికి అడ్డంగా జల్లెడ పెట్టే ఏర్పాటు ఉంది. ఫొటోలో ఆ జల్లెడ మూసి ఉంటే ఆ ‘దాడికి వెళ్తున్న’ విమానం నిజానికి నేల మీద నడుస్తూనో, దిగుతూనో ఉండొచ్చు.

మిషన్ల డేటా తెరిచేటప్పుడు

వియత్నాం యుద్ధంలోని వైమానిక దాడుల కంప్యూటర్ రికార్డులను కలిపి ‘థార్’ అనే పేరుతో పెట్టారు. ఎవరైనా దింపుకోవచ్చు. నలభై లక్షలకు పైగా వరుసలున్న ఫైలు. దీన్ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 10,48,576 వరుసల దగ్గర ఆగిపోతుంది. మిగతావి పడిపోయాయన్న సంగతి పట్టించుకోకుండా లెక్కేసి ‘1968 తర్వాత ఏ-37 దాదాపు ఎగరలేదు’ లాంటి తీర్పులిస్తారు. పైథాన్‌లోనో, ఏదైనా డేటాబేస్‌లోనో పెట్టండి.

వడపోత ఈ వరసలో చేయండి.

1. విమానం రకం కాలమ్‌లో ఏ-37 అని ఉన్నవి తీయండి. ఈ కాలమ్‌ను తర్వాత సరిదిద్దారు. దాని పక్కనే అప్పట్లో ఆపరేటర్ టైపు చేసిన అసలు రాత ఉన్న కాలమ్ ఉంటుంది, దాన్ని కూడా ఉంచుకోండి. రెండూ కలవనివి విడిగా పెట్టి చేత్తో చూడాలి.
2. ఏ వైమానిక దళం అన్న కాలమ్‌తో అమెరికా దళాన్ని, దక్షిణ వియత్నాం దళాన్ని విడదీయండి. ఈ అడుగు దాటేస్తే తర్వాతి లెక్కలన్నీ కలగాపులగం.
3. బయలుదేరిన స్థావరంతో గుంపులు చేయండి. స్థావరం, నెల రెండూ కలిస్తే చాలాసార్లు స్క్వాడ్రన్ తెలిసిపోతుంది.
4. ‘విమానాల సంఖ్య’ కాలమ్ కూడండి, వరుసలు లెక్కపెట్టకండి. ఒక్క వరుసలో రెండు విమానాలు వెళ్లిన మిషన్ ఉండొచ్చు. ఒక్క విమానం ఒక్కసారి ఎగిరితే సార్టీ, రెండు కలిసి వెళ్తే మిషన్ ఒకటి, సార్టీలు రెండు.

ఇక్కడ ఆశ పెట్టుకోకూడనిది ఒకటుంది. ఈ డేటాలో ఒక్కో విమానం తోక సంఖ్య దొరకదు. కాబట్టి ‘ఈ విమానం 1969 మార్చిలో 41 సార్లు ఎగిరింది’ అని ఇందులోంచి రాయలేరు. ‘ఈ విమానం ఉన్న స్క్వాడ్రన్ ఆ నెలలో ఇన్ని సార్టీలు చేసింది’ అని రాయొచ్చు. ఆ తేడాను వాక్యంలో కనిపించేలా ఉంచండి.

సమయాల విషయంలో ఇంకో చిక్కు. 1960 నుంచి 1975 దాకా సైగాన్ గడియారం గ్రీనిచ్‌కు ఎనిమిది గంటలు ముందు. హనోయ్ మాత్రం యుద్ధం చివరి సంవత్సరాల్లో ఏడు గంటలు ముందు. అంటే ఒకే దాడికి అమెరికా పత్రంలో ఒక సమయం, వియత్నామీ పుస్తకంలో గంట తక్కువ సమయం ఉంటే ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. పట్టికలో ఏ గడియారమో రాసి పెట్టుకోండి. తేదీలు కూడా అంతే. అమెరికా రాతలో నెల ముందు, లాటిన్ అమెరికా పత్రాల్లో రోజు ముందు. 04-05 అన్నది ఏప్రిల్ 5నా, మే 4నా అన్నది ఆ పత్రంలోని 12 దాటిన ఇంకో తేదీ చూస్తే తేలుతుంది.

ఇక ప్రతిచోటా కనిపించే జంట అంకెలు: 1,60,000కు పైగా సార్టీలు, 22 నష్టాలు. ఆ 22 అమెరికా వైమానిక దళానివి మాత్రమే. పక్కన దక్షిణ వియత్నాం నష్టాలు చేర్చకుండా ‘అంత యుద్ధంలో 22 మాత్రమే పోయాయి’ అని రాస్తే వాక్యం అందంగా ఉంటుంది, లెక్క కుంటుతుంది.

అసలు మలుపు: 1975 ఏప్రిల్

ఏ-37బి చరిత్రలో ప్రతి విమానానికీ అడగాల్సిన ప్రశ్న ఒకటే: సైగాన్ పడిపోయిన 1975 ఏప్రిల్ 30 ఉదయం అది ఎక్కడుంది? దీనికి జవాబు దొరికితే ముందూ వెనకా సగం పని తేలిపోతుంది.

దక్షిణ వియత్నాంకు మొత్తం 254 ఏ-37బిలు ఇచ్చారు. వాటి స్క్వాడ్రన్లు స్థావరాల వారీగా ఇలా గుర్తుపెట్టుకోవచ్చు: దా నాంగ్‌లో 516, 528, 550, ఫు కాట్‌లో 532, ఫాన్ రాంగ్‌లో 524, 534, 548, దక్షిణాన బిన్ థుయ్‌లో 520, 526, 546. ఇది చివరి రోజుల అమరిక. 524వ స్క్వాడ్రన్ మొదట న్యా ట్రాంగ్‌లో ఉండేది, కాబట్టి 1970 నాటి ఫొటోకు ఈ జాబితా పెట్టి చూడకండి.

ఉత్తరాన ఉన్న స్థావరాలు ముందు పడ్డాయి, దక్షిణాన ఉన్నవి చివర. దా నాంగ్ 1975 మార్చి చివర్లో, ఫాన్ రాంగ్ ఏప్రిల్ మధ్యలో చేజారాయి. దా నాంగ్, ఫు కాట్‌లలో ఆఖరి నిమిషంలో ఎగరలేక వదిలేసినవి ఉత్తర వియత్నాం చేతికి చిక్కాయి. బిన్ థుయ్, సైగాన్ చుట్టుపక్కల ఉన్నవాటిలో చాలా ఏప్రిల్ 29న థాయ్‌లాండ్‌లోని ఉ-టపావ్ స్థావరానికి ఎగిరి వెళ్లాయి. విమానం చివరి స్క్వాడ్రన్ తెలిస్తే దాని గతి ఊహించొచ్చు. అది ఊహేనని పట్టికలో గుర్తు పెట్టండి.

యుద్ధం ముగిసేనాటికి 187 లెక్కకొచ్చాయి. వాటిలో 92 అమెరికా తిరిగి తెచ్చుకుంది, 95 వియత్నాంలో ఉండిపోయాయి. 254లోంచి 187 తీస్తే 67. ఈ 67ను ‘శత్రువు కూల్చినవి’ అని రాసేవాళ్లున్నారు. అందులో ప్రమాదాల్లో పోయినవి, స్థావరం మీద రాకెట్లు పడి నేల మీదే కాలిపోయినవి కూడా ఉంటాయి. పోయిన తీరు ఒక్కోదానికి ఆధారంతో రాయగలిగితేనే రాయండి, లేకపోతే ‘సర్వీసులో నష్టపోయినవి’ అనే మాట చాలు.

ఇక్కడే ఈ విమానానికి మాత్రమే ఉన్న వింత వస్తుంది. 1975 ఏప్రిల్ 28 సాయంత్రం సైగాన్‌లోని తాన్ సొన్ న్యుత్ స్థావరం మీద ఐదు ఏ-37లు బాంబులు వేశాయి. అవి చేజిక్కిన విమానాలే. ఫాన్ రాంగ్ దగ్గరి థాన్ సొన్ నుంచి లేచాయి. ముందుండి నడిపించినవాడు న్గుయెన్ థాన్ ట్రుంగ్, అదే నెల 8న దక్షిణ వియత్నాం ఎఫ్-5 యుద్ధ విమానంతో అధ్యక్ష భవనం మీద బాంబులేసి అవతలి పక్షానికి వెళ్లిపోయిన పైలట్. మిగతావాళ్లు అప్పటిదాకా మిగ్-17లు నడిపినవాళ్లు. కొద్దిరోజుల్లో ఈ విమానం నేర్చుకున్నారు. పక్కపక్క సీట్లు ఉండటం ఆ నేర్పడానికి పనికొచ్చింది. దాడి విమానానికి బరువని విమర్శించిన రెండో సీటే ఆ రోజు అక్కరకొచ్చింది.

ఈ సంఘటన మ్యూజియం బోర్డులకు పెద్ద ఆకర్షణ. వియత్నాంలో నిలబెట్టిన ఏ-37ల దగ్గర ‘ఆ దాడిలో పాల్గొన్న ఐదింటిలో ఇది ఒకటి’ అన్న మాట వినిపిస్తే మూడు చూడండి. మొదట ఫ్యాక్టరీ పలక. తర్వాత ఆ విమానం 1975 మార్చిలో ఏ స్క్వాడ్రన్‌లో ఉంది, ఆ స్క్వాడ్రన్ స్థావరం ఏప్రిల్ 28కి ముందే పట్టుబడిందా. ఆఖరున, అప్పటి ఫొటోలో తోక సంఖ్య కనిపిస్తుందా. బిన్ థుయ్‌లో ఉన్న విమానం ఏప్రిల్ 28న ఆ దాడిలో ఉండే అవకాశం లేదు, ఆ స్థావరం అప్పటికి పడలేదు. ఐదు విమానాల దాడికి ఐదుకన్నా ఎక్కువ విమానాలు ‘మేమే’ అని నిలబడితే ఆశ్చర్యపోకండి.

ఆ తర్వాత వియత్నాం దళంలో 937వ రెజిమెంట్ ఈ విమానాలు నడిపింది, కాంబోడియా వైపు యుద్ధంలో వాడింది. విడిభాగాలు అయిపోయాక ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొన్ని తర్వాత విదేశీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. అలాంటి విమానానికి ఇవాళ పౌర రిజిస్ట్రేషన్ ఉంటుంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఫ్యాక్టరీ నంబరు వేస్తారు కాబట్టి, తోక వైపు నుంచి దొరకని తీగ అటునుంచి దొరుకుతుంది.

తిరిగొచ్చినవి, వేరే దేశాలకు వెళ్లినవి

తిరిగొచ్చిన వాటిలో కొన్ని దక్షిణ కొరియాకు వెళ్లాయి. అక్కడి ‘బ్లాక్ ఈగిల్స్’ ప్రదర్శన బృందం ఏ-37బిలతో ఎగిరింది. 2006 మే 5న సువోన్‌లో పిల్లల దినోత్సవ ప్రదర్శనలో ఒకటి కూలింది. కొరియా పక్కన పెట్టిన కొన్ని తర్వాత పెరూ చేరాయి. అంటే ఒకే విమానానికి మూడు దేశాల తోక సంఖ్యలు ఉండొచ్చు. పట్టికలో ప్రతి కొత్త సంఖ్యకూ కొత్త వరుస తెరవండి, ఎడమ పక్కన ఫ్యాక్టరీ నంబరు మాత్రం మళ్లీ మళ్లీ రాయండి.

అమెరికాలో మిగిలినవి ఓఏ-37బిలుగా మారి నేషనల్ గార్డ్ యూనిట్లలో, పనామాలోని హోవర్డ్ స్థావరంలో పనిచేశాయి. తోక మీద బీసీ అంటే మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్, హెచ్‌డబ్ల్యూ అంటే హోవర్డ్. పక్కన పెట్టినవి అరిజోనాలోని డేవిస్-మోంథన్ నిల్వ కేంద్రానికి చేరాయి. ఆ కేంద్రం పేరు 1985లో మారింది, 2007లో మళ్లీ మారింది. 1985కు ముందరి ఎంట్రీ కోసం పాత పేరుతోనే వెతకాలి.

లాటిన్ అమెరికాలో పరిశోధన కష్టం, కానీ యుద్ధానుభవం అక్కడే ఎక్కువ కాలం సాగింది. ఎల్ సాల్వడార్‌లో 1982 జనవరి 27న గెరిల్లాలు ఇలొపాంగో స్థావరం మీద పడి విమానాలు కాల్చేశారు. ఆ నష్టం పూడ్చడానికే అమెరికా ఏ-37బిలు పంపింది. కాబట్టి అక్కడి ఫొటోకు 1981 అని తేదీ వేసి ఉంటే నమ్మకండి. చిలీలో దక్షిణ కొసన ఉన్న పుంటా అరెనాస్‌లోని గ్రూపో 12 వీటిని దశాబ్దాలు నడిపింది.

పెరూ, ఈక్వడార్ విషయంలో మాత్రం ప్రత్యేక జాగ్రత్త కావాలి. రెండు దేశాలూ ఇదే విమానం వాడాయి, 1981లోనూ 1995లోనూ ఒకదాని మీద ఒకటి యుద్ధానికి దిగాయి. అడవి మీద దూరం నుంచి తీసిన ఫొటోలో ఎవరిదో తెలియదు. గుండ్రటి గుర్తు చూడండి: ఎరుపు, తెలుపు, ఎరుపు అయితే పెరూ; పసుపు, నీలం, ఎరుపు అయితే ఈక్వడార్. 1995 ఫిబ్రవరి 10న పెరూ ఏ-37బి ఒకటి ఈక్వడార్ కఫీర్ యుద్ధ విమానం చేతిలో కూలింది. అదే రోజు ఈక్వడార్ మిరాజ్‌లు రెండు పెరూ సుఖోయ్-22లను కూల్చాయి. చాలా రాతల్లో ఈ మూడు కూల్చివేతలు కలిసిపోయి ఎవరిని ఎవరు కూల్చారో మారిపోతుంది. ఒక్కో కూల్చివేతకు ఒక్కో వరుస రాసి, కూల్చిన విమానం రకం, కూలినది రెండూ నింపాకే ముందుకెళ్లండి.

ఒక విమానం మీద పద్ధతి వేసి చూస్తే

ఓహాయో రాష్ట్రం డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియంలో ఉన్న 62-5951 మంచి ఉదాహరణ. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు ఒక ఆదివారం వెళ్లి చూడొచ్చు, ప్రవేశం ఉచితం. సీరియల్ చూడగానే 62 అని ఉంది, అంటే ఏ-37ఏ వరసకు ముందుది. ఇది వైఏటి-37డిగా మార్చిన రెండింటిలో ఒకటి. పట్టిక ఇలా వస్తుంది: 1964 డిసెంబరులో మ్యూజియంకు చేరింది. 1966 ఆగస్టులో మళ్లీ పరీక్షల కోసం వెనక్కి పిలిచారు. 1970 జులైలో రెండోసారి రిటైరైంది.

ఇక్కడ తడబడేది ఎక్కడంటే, కార్డులో ‘మ్యూజియం’ అన్న ఎంట్రీ కనబడగానే చాలామంది చదవడం ఆపేస్తారు. ఆపితే ఈ విమానానికి 1964తో కథ అయిపోయిందని రాస్తారు, వియత్నాంకు పంపిన విమానానికి ముందు జరిగిన పరీక్షలో ఇది చేసిన పని మొత్తం పోతుంది. కార్డులో చివరి వరుస దాకా చదివి, కింద ఖాళీ కాగితం కనిపించాకే మూయండి.

రాసేటప్పుడు పట్టికలోని ఖాళీలను ఖాళీలుగానే ఉంచండి. 1971 నుంచి 1974 దాకా ఏమీ దొరకకపోతే ‘1971 జూన్ తర్వాత, 1974 సెప్టెంబరుకు ముందు ఆధారాలు లేవు’ అని ఒక వరుస రాసి, ఏయే పత్రాల్లో వెతికారో కింద చేర్చండి. తర్వాత వెతికేవాళ్లకు ఆ వరుసే ఎక్కువ పనికొస్తుంది. ప్రతి ఫొటోకు తీసిన తేదీ, చోటు, తోక సంఖ్య ఎంత స్పష్టంగా ఉంది అన్నవి ఫైలు పేరులోనే పెట్టుకోండి. ‘ఏ37_కొత్త_2’ అని పేరు పెట్టిన ఫొటో ఆర్నెల్ల తర్వాత మీకే ఎందుకూ కొరగాదు.